పింగాణీ గాడిదా, బెరిల్ పాడ్‌మోరూ

బెరిల్ పాడ్‌మోర్ తన జన్మలో పడ్డ తగాదాలకు లెక్కలేదు. బ్రెడ్డు అమ్మేవాడితో, చర్చిలో ఆర్గాన్ వాయించే ఆవిడతో, ఒకసారి వర్షంతో కూడా పడింది. చాలావాటిలో గెలిచింది. నేను కళ్ళారా చూసినవాటిలో అన్నిటికన్నా గొప్పది గాడిద ఏడుపు గురించి జరిగినది.

టన్‌స్టాల్‌లో మేం పనిచేసే పింగాణీ ఫ్యాక్టరీకి ఆ రోజు మాంచెస్టర్ నుంచి ఒక టీవీ ఆయన వచ్చాడు. గోధుమరంగు కోటు, మెడలో పట్టుగుడ్డ, మా మట్టి తన బూట్లకు అంటుతుందేమోనని మునివేళ్ళ మీద నడక. శనివారం సాయంత్రాలు "గడియ తియ్యి" అని కొత్త ఆట ఒకటి మొదలుపెడుతున్నారట. అందులో ఓడిపోయినవాళ్ళ చేతిలో పెట్టడానికి పింగాణీ గాడిద కావాలట. దాని పేరు క్లారెన్స్ అట. బొమ్మ కూడా గీయించి తెచ్చాడు. అందులో గాడిద రెండు కళ్ళలోంచీ నీళ్ళు ధారగా కారుతున్నాయి, కింది పెదవి గడ్డం దాకా వేలాడుతోంది.

మేనేజర్ టామ్స్ గారు ఆ కాగితం తెచ్చి బెరిల్ బల్ల మీద పెట్టి, "ఇలా వెయ్యాలమ్మా" అన్నారు. బెరిల్ కళ్ళజోడు ముక్కు మీదికి దింపుకుని చూసింది. చూసి కుంచె పక్కన పెట్టింది. ఆమె కుంచె పక్కన పెట్టిందంటే రంగుల గదిలో ఆడవాళ్ళందరం కుంచెలు పక్కన పెట్టేవాళ్ళం. తరవాత అడిగి తెలుసుకుంటే ఆ రుచి రాదు కదా.

"ఇది ఎందుకు ఏడుస్తోంది?" అంది.

"ఓడిపోయారు కదండీ, అందుకని" అన్నాడు టీవీ ఆయన.

"ఓడిపోయింది మనిషి. గాడిదకేం వచ్చింది రోగం?"

"అదేమిటంటే... చూసేవాళ్ళకి నవ్వు రావాలని..."

"బాబూ, నువ్వు పొద్దున్నే లేచి ఏడుపు మొహం చూస్తూ టీ తాగుతావా?"

"నాకింకా పెళ్ళి కాలేదండీ" అన్నాడు పాపం. గదిలో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. బెరిల్ మాత్రం నవ్వలేదు.

"ఓడిపోయినవాడు దీన్ని ఇంటికి పట్టుకుపోవాలి. టీవీ మీదో, అలమారలోనో పెట్టుకోవాలి. వాడి ఏడుపు వాడికి చాలదా, పక్కన ఇది కూడా శోకాలు పెట్టాలా? పద్నాలుగో ఏట ఈ బల్ల ముందు కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నా దగ్గర్నుంచి ఏడుస్తూ బయటికి పోయింది ఏదీ లేదు, టామ్స్ గారు తప్ప."

టామ్స్ గారు కిటికీలోంచి బయటికి చూశారు.

"ఈ బొమ్మని లండన్‌లో పెద్దవాళ్ళు ఒప్పుకున్నారండీ" అన్నాడు టీవీ ఆయన, చివరి అస్త్రంలాగా.

"అయితే లండన్‌లోనే వేయించుకో. అక్కడ బట్టీ ఎక్కడుందో వెతుక్కో."

ఆ మాట అని, పాత అచ్చులో పోసి ఇంకా రంగు వెయ్యని తెల్ల గాడిదను అందుకుని వెయ్యడం మొదలుపెట్టింది. ఒక కనుబొమ్మ కాస్త పైకెత్తింది. నోటి చివర కొంచెం మలిచింది. అంతే. గాడిద మొహం ఎలా తయారైందంటే, మీరు జారిపడ్డప్పుడు చూసి కూడా ఊళ్ళో ఎవరికీ చెప్పని పొరుగింటి మనిషి మొహంలా తయారైంది. టీవీ ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, మెడ అటూ ఇటూ వంచి చూసి, తనకే తెలియకుండా దానికి నవ్వు తిరిగిచ్చాడు. "సరే, ఇలాగే కానివ్వండి" అన్నాడు. ఏడుపు బొమ్మ ఉన్న కాగితంలో బెరిల్ ఆ మధ్యాహ్నం చీజు చుట్టుకుంది.

అలా గెలిచింది. గెలిచాక ఎనిమిదేళ్ళపాటు ఆ గాడిదే ఆమెను కాల్చుకు తింది.

"గడియ తియ్యి" ఇప్పుడు రావడం లేదు గానీ, ఆ రోజుల్లో శనివారం సాయంత్రం టీ అయ్యాక దేశం మొత్తం దాని ముందే కూర్చునేది. ఆడించేవాడు రోలీ గ్రేంజర్ అని, మెరిసే కోటు, అంతకన్నా మెరిసే పళ్ళు. చూడవచ్చినవాళ్ళలోంచి ఒకరిని పిలిచి తలుపుల వరస ముందు నిలబెట్టేవాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్నలడిగి, జవాబు చెబితే ఒక గడియ తియ్యమనేవాడు. ఒక తలుపు వెనక బట్టలుతికే మిషను, ఒకదాని వెనక సోఫా, ఒకదాని వెనక అన్నిటికన్నా పెద్ద బహుమతి, ఏదో ఒకదాని వెనక క్లారెన్స్. గాడిద వచ్చిందంటే ఒక అమ్మాయి దాన్ని తెచ్చి ఆడేవాళ్ళ చేతుల్లో పెట్టేది, గంట గణగణమని మోగేది. ఆ గంట ఆగేలోపు గాడిదను రోలీ చేతుల్లోకి తోసేస్తే ఇంకో గడియ తీసే అవకాశం. ఆగిపోయిందా, గాడిదే దక్కేది. ఇక మంగళహారతి. అందుకని గంట మోగినంతసేపూ కూర్చున్న జనమంతా కాళ్ళు నేలకేసి కొడుతూ "వదిలెయ్ గాడిదని! వదిలెయ్ గాడిదని!" అని అరిచేవాళ్ళు. మా వీధిలో పిల్లలు కూడా బెరిల్ కనిపిస్తే అదే అరుపు.

వారం వారం ఇదే వరస. నిప్పుకణిక పట్టుకున్నట్టు పట్టుకుని జనం దాన్ని రోలీ పొట్టలోకి విసిరేవాళ్ళు. ఒకావిడ కళ్ళు మూసుకుని విసిరితే కెమెరా పట్టుకున్నవాడికి తగిలింది. ఒక పాదిరీ గారు, సాక్షాత్తూ పాదిరీ గారు, గాడిదని చూసి టీవీలో "ఛీ" అన్నారు. గంట ఆగిపోయి గాడిద దక్కినవాళ్ళ మొహాలైతే చావు కబురు విన్నట్టుండేవి.

బెరిల్ కుర్చీని టీవీకి ఆనించి కూర్చునేది. తలుపులూ బహుమతులూ ఆమెకు పట్టేవి కావు. గాడిద చేతిలో పడిన ఆ ఒక్క క్షణంలో మనిషి మొహం ఎలా మారుతుందా అని చూసేది. మారేది. ఆమె కోరుకున్న వైపు మాత్రం కాదు.

"ఒక్కరు చాలు నెల్లీ" అనేది నాతో. "ఒక్కరంటే ఒక్కరు, 'ఓహో, నువ్వా' అన్నట్టు దాని మొహంలోకి చూస్తే చాలు. నేను హాయిగా నిద్రపోతాను."

"జనం అక్కడికి కారు కోసం వెళ్తారే, గాడిద కోసం వెళ్తారా?" అన్నాను.

"కార్లు ఎవరైనా చేస్తారు" అంది.

ఆమె గర్వం ఊరికే వచ్చింది కాదు. బెరిల్ కప్పు అంచున బంగారు గీత గీస్తే మొదలెక్కడో చివరెక్కడో పట్టుకోలేం. చెయ్యి అంత నిబ్బరం. గనిలో పనిచేసే తండ్రి దగ్గుతూ మంచాన పడితే, బడి మాని ఫ్యాక్టరీకి వచ్చి, మొదటి ఏడాదంతా కుంచెలు కడిగింది. రెండో ఏడు ఆకులు వేసింది. మూడో ఏడు గులాబీలకు వచ్చేసరికి, ఆమెకు నేర్పిన ముసలావిడే ఆమె దగ్గర కూర్చుని చూడటం మొదలుపెట్టింది. రంగుల గదిలో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. పాత్ర అడుగున వేస్తాం, ఎవరి పని ఎవరిదో తెలియడానికి. బెరిల్ గుర్తు ఒక చిన్న నీలం నత్త.

ఆ అడుగు సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్ళవాళ్ళకు ఒక జబ్బుంది. ఎక్కడ కూర్చున్నా ముందు ప్లేటు తిరగేసి అడుగు చూస్తాం. ఏ ఫ్యాక్టరీది, ఎవరు వేశారు అని. పెళ్ళిలో చూస్తాం, చావు భోజనంలో చూస్తాం. మా అమ్మ డాక్టరు గారింట్లో కేకు ముక్క ఉన్న ప్లేటునే తిరగేసింది. తప్పని మాకెవరికీ తోచదు. తుమ్ము లాంటిదే ఇదీ.

బెరిల్ పెళ్ళికి కూడా ఆ జబ్బే కారణం. హోరేస్ పాడ్‌మోర్ అప్పటికే బస్సు కండక్టరు. మొదటిసారి ఆమెను పక్క ఊరు హాన్లీలో టీ దుకాణానికి తీసుకెళ్ళి, ఏం మాట్లాడాలో తెలియక, ముందున్న కప్పును తిరగేసి అడుగు చూశాడు. కప్పులో టీ ఉంది. అదంతా బెరిల్ స్కర్టు మీద పడింది. హోరేస్ అది గమనించకుండా, "ఈ నత్త నీదేనా?" అన్నాడు. నత్త ఆమెదే. ఆ మరక వదల్లేదు, ఆ మనిషీ వదల్లేదు.

హోరేస్ మంచివాడే గానీ మాటలు తక్కువ. రోజంతా బస్సులో "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని అరిచి అరిచి, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. ఇంట్లో ఖర్చయ్యే మాటలన్నీ బెరిల్‌వే. ఆదివారాలు మాత్రం సాయానికి హోరేస్ చెల్లెలు ఫిలిస్ వచ్చేది. ఆడపడుచు అంటే ఆడపడుచే, ఏ దేశమైతేనేం?

ఎనిమిదో ఏడు, మా ఊరి ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారే మూసేసే వేసవి సెలవుల్లో, టీవీ ఆయన మా రంగుల గదికి ఉచితంగా టికెట్లు పంపాడు. ఆడవాళ్ళం, మొగుళ్ళు, ఓట్స్ అట్లలో చీజు చుట్టిన పొట్లాలు, అందరం ఒకే బస్సులో మాంచెస్టర్ బయల్దేరాం. ఆ వారం పెద్ద బహుమతి కారవాన్ అని దారిలో తెలిసింది. చక్రాల మీద ఇల్లు, లోపల పొయ్యి, మంచాలు, పూల కర్టెన్లు. ఫిలిస్ అప్పటికే దాంట్లో కాపురం పెట్టేసింది.

"వదినా, కిటికీ పక్క మంచం నాది. నాకు గాలాడకపోతే తలనొప్పి."

"ముందు ఎవరో ఒకరు గెలవాలి కదమ్మా."

"గెలవకపోతే నీ గాడిద ఉంది కదా. దాని మీదెక్కి వెళ్దాం సముద్రానికి."

లోపల ప్రతి కుర్చీకీ ఒక నంబరు. రోలీ గ్రేంజర్ ఒక టోపీలో చెయ్యి పెట్టి నంబరు తీశాడు. హోరేస్ కుర్చీ. హోరేస్ లేవలేదు. ఫిలిస్ వెనక నుంచి గొడుగుతో పొడిస్తే లేచాడు.

"రండి రండి! ఏం చేస్తుంటారు హోరేస్?"

"బస్సు."

"బస్సు నడుపుతారా?"

"లేదు. ఆపుతాను."

జనం విరగబడి నవ్వారు. వాళ్ళెందుకు నవ్వుతున్నారో తెలియక హోరేస్ టోపీ సర్దుకున్నాడు. మొదటి తలుపు తీస్తే ఇస్త్రీపెట్టె. రెండోది తీస్తే దుప్పట్లు. అలా తీసుకుంటూ పోగా చివరికి రెండు తలుపులు మిగిలాయి. ఒకదాని వెనక కారవాన్, ఒకదాని వెనక గాడిద. బెరిల్ నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళు తెల్లబడ్డాయి.

హోరేస్ ఎడమ గడియ తీశాడు. క్లారెన్స్.

గంట మొదలైంది. అమ్మాయి గాడిదను తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. రోలీ చేతులు చాచి, కాళ్ళు ఎడంగా పెట్టి, గోల్ కీపరులా సిద్ధంగా నిలబడ్డాడు. జనం కాళ్ళు దడదడలాడించారు. హోరేస్ గాడిదను చూశాడు. దాని మొహంలోకి ఒకసారి చూసి, తలొకవైపు వాల్చి, పెదవుల చివర కాస్త మలిచాడు. ఆ పైన ఏం చేశాడో మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు.

తిరగేశాడు.

"ఇలా ఇవ్వండి హోరేస్! గంట!" అన్నాడు రోలీ.

"ఆగు బాబూ, అడుగు చూడనీ."

"అడుగేమిటండీ! ఇటు, నా చేతుల్లోకి!"

హోరేస్ గాడిదను చంకలో పెట్టుకుని, కోటు జేబులో కళ్ళజోడు వెతికాడు. ఆ జేబులో లేదు. ఇంకో జేబులో చూశాడు. డబ్బా దొరికింది. డబ్బా తెరిచాడు. కళ్ళజోడు తీసి ఊది, టై చివరతో తుడిచాడు. ఫిలిస్ కుర్చీ మీద లేచి నిలబడింది. మా బస్సులో వచ్చినవాళ్ళలో మాత్రం సగంమంది నోరు మూసుకుని ముందుకు వంగారు. వాళ్ళకీ చూడాలనే ఉంది, ఎవరు వేశారా అని.

అప్పుడు మా వరసలోంచి అన్ని గొంతులనూ మించి ఒక గొంతు లేచింది.

"వదిలెయ్ హోరేస్! గాడిదని వదిలెయ్!"

అది బెరిల్.

గంట ఆగిపోయింది. ఎదర తలుపు తెరుచుకుని, పూల కర్టెన్లతో కారవాన్ మెల్లగా ముందుకొచ్చింది. హాలంతా "అయ్యో" అంది. హోరేస్ తలెత్తి కూడా చూడలేదు. కళ్ళజోడులోంచి గాడిద అడుగు చూసి, మొహమంతా వెలిగిపోగా, దాన్ని కెమెరా ముందుకు ఎత్తి పట్టుకున్నాడు. ఆ శనివారం దేశం మొత్తం క్లారెన్స్ కాళ్ళ కింది భాగం చూసింది.

"ఇది మా ఆవిడదే! ఇదిగో నత్త!" అన్నాడు.

బెరిల్ నోరు ఇంకా తెరిచే ఉంది, అరిచిన అరుపు దగ్గరే ఆగిపోయి. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూసిన మొహం అది. వచ్చింది, ఆమె ఇంట్లోంచే వచ్చింది, పైగా కారవాన్ అంత ఖరీదుకి.

తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ మిగిలిన పొట్లాలు విప్పుకున్నారు. ఫిలిస్ మాత్రం అప్పుడప్పుడూ "పొయ్యి కూడా ఉందట అందులో" అని కిటికీతో అంటోంది. హోరేస్ ఒళ్ళో గాడిద.

"నువ్వు లెక్కలోకి రావు" అంది బెరిల్ చివరికి.

"ఏ లెక్క?"

"నా లెక్క. నువ్వు మొగుడివి. మొగుడు మెచ్చుకుంటే మెచ్చుకున్నట్టు కాదు."

హోరేస్ ఆలోచించాడు. "తిరగేసేటప్పుడు నేను మొగుణ్ణి కాదు" అన్నాడు. "టన్‌స్టాల్ వాణ్ణి. నత్తని చూశాకే మొగుణ్ణయ్యాను."

"మరి నచ్చిందెప్పుడు? ముందా, తరవాతా?"

"ముందే."

బెరిల్ గొంతు మెత్తబడింది. పెళ్ళయ్యాక ఆ గొంతు మెత్తబడటం నేను వినడం అదే మొదలు. "ఏం నచ్చింది?"

"ఆ కన్ను" అన్నాడు హోరేస్.

బెరిల్ గాడిదను అందుకుని బస్సు దీపం కింద పెట్టి చూసింది. ఎడమ కన్ను వంకరగా ఉంది. కుడి కన్ను మనిషిని చూస్తోంది, ఎడమ కన్ను పైకప్పును చూస్తోంది.

"అయ్యో నా తల్లీ! సెలవులకి ముందు శుక్రవారం వేసింది ఇది! సగం మనసు రైలు స్టేషన్లో ఉంది!" అని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇది నేను టీవీలో... దేశమంతా... నత్తతో సహా!"

ఆ రోజు నుంచి క్లారెన్స్ వాళ్ళింట్లో టీవీ మీదెక్కి కూర్చుంది. ఆ తరవాత జరిగింది ఎవరూ అనుకోనిది. హోరేస్ మాట్లాడటం మొదలుపెట్టాడు. ముందు గాడిదతో. "ఏమయ్యా, ఇవాళ వాన పడేలా ఉందా?" అనేవాడు. తరవాత గాడిద గురించి బెరిల్‌తో. తరవాత గాడిద పక్కన పెట్టి, మామూలుగానే. బస్సులో జరిగినవి, చిన్నప్పటివి, ఒకసారి ఏకంగా చలికాలం సాయంత్రమంతా. "ఇన్ని మాటలు ఎక్కడ దాచాడో మహానుభావుడు" అంది బెరిల్ నాతో, సతాయింపు వచ్చిపడ్డట్టు మొహం పెట్టి. కుర్చీ మాత్రం అతని కుర్చీ పక్కకి జరిగింది.

చూడ్డానికి ఊరంతా వచ్చేది. వచ్చినవాళ్ళంతా ముందు తిరగేసి నత్తను చూసేవాళ్ళు, తరవాత నిలబెట్టి కన్ను చూసేవాళ్ళు, తరవాత మర్యాదగా గోడ వైపు చూసేవాళ్ళు. ఆ మర్యాదే బెరిల్‌ను చంపేది. ఫిలిస్‌కి అదీ లేదు.

"వదినా, దీనికి కళ్ళజోడు చేయించకపోయావా? మా అన్నయ్యది ఉందిగా, దాంతోనే కదా కారవాన్ పోయింది."

బెరిల్ హోరేస్‌ను బతిమాలింది. "సరైనది ఒకటి తెచ్చిపెడతాను, దీన్ని ఇచ్చెయ్."

"ఇది సరైనదే."

"కన్ను చూడు మహాశయా!"

"చూస్తూనే ఉన్నాను. అదీ నన్ను చూస్తోంది. ఒక కన్ను నా మీద, ఒక కన్ను పైన. ఇంట్లో ఒకరైనా పైకప్పు కారుతోందేమో కనిపెట్టుకుని ఉండాలిగా."

మరుసటి వసంతంలో హోరేస్ కాలి బొటనవేళ్ళకు ఆపరేషన్ అయింది. బస్సు వాళ్ళ సంఘం అతన్ని విశ్రాంతికని లాండుడ్నో పంపింది, సముద్రం ఒడ్డున. ఆ మనిషి ఇల్లు వదిలి ఉండటం అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ "క్లారెన్స్ జాగ్రత్త" అన్నాడు. బెరిల్ జాగ్రత్త అని మాత్రం అనలేదు.

అతను వెళ్ళిన మూడో రోజు బెరిల్‌లో పాత బెరిల్ లేచింది. గాడిదను పాత కాగితంలో చుట్టి, సంచిలో పెట్టుకుని, ఫ్యాక్టరీకి బయల్దేరింది. దీన్ని చూసి, అడుగున అదే నత్తతో, పైన అదే మొహంతో, కన్ను మాత్రం సరిగ్గా ఉన్న ఇంకో గాడిదను వేసి తెచ్చి టీవీ మీద కూర్చోబెడితే, మొగుడికి తేడా తెలిసే లోపే అలవాటైపోతుందని ఆమె లెక్క. దారిలో ఓట్స్ అట్ల దుకాణం ముందు వరస కనిపించింది. వరస కనిపిస్తే నిలబడకుండా పోవడం మావాళ్ళ వల్ల కాదు. నిలబడింది. సంచి పాతది. తన వంతు వచ్చి, కిటికీ దగ్గర చిల్లర కోసం వంగినప్పుడు దాని అడుగు ఊడింది.

"అట్లు ఎన్ని కావాలమ్మా?" అన్నాడు కిటికీలో మనిషి.

బెరిల్ రాళ్ళబాట మీద కూర్చుని ముక్కలు ఏరుకుంటోంది. నత్త ఉన్న ముక్క ఒకటి, చెవి ఒకటి, మిగతాదంతా పొడి. ఆ ఎడమ కన్ను ఎక్కడా దొరకలేదు. వరసలో వెనకున్నవాళ్ళు కూడా మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు, కానీ తమ చోటు వదులుకోకుండా.

హోరేస్ శనివారం వస్తాడు. వచ్చి టోపీ తీసి, ముందు టీవీ మీదికి చూస్తాడు. అక్కడ ఆ కన్ను లేకపోతే ఏమవుతుందో బెరిల్‌కి బాగా తెలుసు. తిట్టడు. అలగడు. "పరవాలేదులే" అంటాడు. అని మళ్ళీ మునుపటిలా మాటలు మానేస్తాడు.

టామ్స్ గారిని అడగకుండానే తెల్ల గాడిదలను ఒక బుట్టెడు ఇంటికి తెచ్చుకుని, వంటింటి బల్ల మీద వరసగా నిలబెట్టి, వంకర కన్ను వెయ్యడానికి కూర్చుంది. మొదటిది సరిగ్గా వచ్చింది. తిట్టుకుని రెండోది వేసింది, అదీ సరిగ్గా వచ్చింది. ఒక కన్ను మూసుకుని వేసింది. సరిగ్గానే వచ్చింది. ఎడమ చేత్తో వేసింది. అదింకా బాగా వచ్చింది, టామ్స్ గారు చూస్తే టీవీకే పంపేవారు. క్రిస్మస్‌కి మిగిలిన షెర్రీ వైను మొత్తం తాగి వేసింది. గాడిద కాస్త సంతోషంగా వచ్చింది తప్ప కన్ను మాత్రం దారం పట్టి గీసినట్టుంది. చివరికి కుంచె, రంగు, గాడిద పట్టుకుని హాన్లీ వెళ్ళే బస్సెక్కి, గతుకుల మీద వేసింది. కండక్టరు హోరేస్ స్నేహితుడే, "ఏంటి వదినా ఇది?" అన్నాడు. "నోరు మూసుకుని గట్టిగా బ్రేకు వేయించు" అంది. వేయించాడు. పక్కావిడ టోపీకి రంగు అంటింది. కన్ను చెక్కుచెదరలేదు.

జీవితమంతా నేర్పిన చెయ్యి, చెప్పినా వినడం మానేసింది.

గురువారం పొద్దున్న మా తలుపు ఎవరో కొట్టారు. తెరిచి చూస్తే బెరిల్, చర్చికి వెళ్ళేటప్పుడు పెట్టుకునే టోపీతో. ఇన్నేళ్ళ పొరుగులో మా ఇంటికి చెంచాడు పంచదార కూడా అడగడానికి రాని మనిషి. లోపలికొచ్చి కూర్చుంది. టీ ఇచ్చాను. జరిగిందంతా చెప్పింది, ఎక్కడా తన తప్పు లేకుండా. తరవాత టోపీలో గుచ్చిన పిన్నుని తీసి మళ్ళీ గుచ్చుకుంది.

"నెల్లీ, నువ్వూ నాతోపాటే రంగుల గదికి వచ్చావు కదా."

"నీకన్నా ముందే వచ్చాను" అన్నాను.

"అదే. అన్నేళ్ళయినా నీ చెయ్యి కుదరలేదు. నువ్వు వేసిన పిట్టలకి రెక్కలు ఒక వైపే ఉంటాయి. నీ గులాబీని టామ్స్ గారు ఉల్లిపాయ అనుకుని ఆ సెట్టంతా వంటింటి సామాన్లలోకి పంపించారు. నిన్ను దెప్పడానికి అనడం లేదు."

"మరెందుకు అంటున్నావు?"

"ఆ వంకర కన్ను నా వల్ల కావడం లేదు నెల్లీ" అంది. ఆ మాట బయటికి రావడానికి ఎంత కష్టపడిందో, దగ్గు వచ్చింది. టీ తాగి గొంతు సవరించుకుంది. "ఇవాళ మధ్యాహ్నంలోపు బట్టీలో పెడితేగానీ శనివారానికి అందదు. లేచి, ఆ అప్రాన్ కట్టుకుని మా ఇంటికి రా. ఎడమ కన్ను, పైకప్పు వైపు చూడాలి. నువ్వు బుద్ధిగా, నీ శక్తికొద్దీ సరిగ్గా వెయ్యడానికి ప్రయత్నించు, అదే వస్తుంది. కానీ ఆ ఒక్క కన్నే. మిగతా గాడిద మీద చెయ్యి వేశావంటే వేళ్ళు విరగ్గొడతాను."